పాటల బృందానికి డ్యూటీ చార్టు: “రాలేను” అని చెప్పడం సులువు కావాలి



ఆదివారం సాయంత్రం నాలుగున్నరకు మన పటమట సంఘం నుండి పాటల బృందం వార్డులకు వస్తుందని ఆసుపత్రిలో చేరిన ప్రతివారికీ ఒకటి రెండు రోజుల్లోనే తెలిసిపోతుంది. పక్క మంచం వారే చెబుతారు. నలుగురైదుగురు సహోదరులు, సహోదరీలు, ఒక హార్మోనియం, నాలుగు పాటల పుస్తకాలు. అంతే బృందం. కానీ ఆ అరగంట కోసం ఎదురుచూసేవారు చాలామంది. ఈ నెల పాఠంలో ఆ బృందం డ్యూటీ చార్టు గురించి మాట్లాడుకుందాం. ఇందులో ఆరోగ్యం ఏముంది అని మీకు అనిపించవచ్చు. మాకూ మొదట అలాగే అనిపించింది.

ఆ ఆదివారం జరిగినది

వర్షాకాలంలో ఒక ఆదివారం. హార్మోనియం వాయించే సహోదరుడు ఒక్కరే వచ్చారు. గొంతు బొంగురుపోయింది, ముక్కు కారుతోంది. స్త్రీల వార్డు గుమ్మంలో మా సిస్టరు చేయి పట్టుకుని చూస్తే ఒళ్లు కాలిపోతోంది. “అన్నయ్యా, ఇంత జ్వరంతో లోపలికి వద్దు” అంది. ఆయన, “చార్టులో నా పేరు ఉందమ్మా. నేను కూడా రాకపోతే ఇంకెవరున్నారు?” అన్నారు.

లోపల షుగరుతో కాలి పుండు మానక పడుకున్నవారు ఉన్నారు. ఆయాసంతో ఆక్సిజన్ మీద ఉన్న పెద్దామె ఉంది. ఆయనను ఓపీకి పంపి, మాత్రలు ఇప్పించి, ఇంటికి పంపించాం. మిగతా ముగ్గురి కోసం చూశాం. ఒకరు వాట్సాప్‌లో పాత మెసేజి చూసి తన వంతు వచ్చే వారం అనుకున్నారు. ఇంకొకరి పేరు ఆన్‌లైన్ షీటులో ఎవరి వేలో తగిలి చెరిగిపోయింది. మూడవవారు ఊరికి వెళుతున్నామని గుడి మెట్ల దగ్గర ఎవరికో చెప్పారు. ఆ మాట చార్టు దాకా రాలేదు.

కంకిపాడు వైపు నుండి వచ్చిన ఒక అమ్మ తల దువ్వించుకుని, మంచం మీద లేచి కూర్చుని ఉంది. “పాటలవాళ్లు రాలేదేమమ్మా?” అని రెండుసార్లు అడిగింది. మా దగ్గర జవాబు లేదు.

మొదట రానివారి మీద కోపం వచ్చింది. మరునాడు షీటు ముందు పెట్టుకుని కూర్చున్నాక తప్పు వారిది కాదని అర్థమయింది. ఆ షీటు తయారుచేసింది మా నర్సింగ్ ఆఫీసులోనే. ముప్పై ఏళ్లుగా వార్డులకు డ్యూటీ చార్టులు వేస్తున్నాం. ఒక్క నర్సు సెలవు పెడితే ఆ స్థానంలో ఎవరో చూడకుండా ఇంటికి వెళ్లం. పాటల బృందం విషయంలో మాత్రం “పాటలే కదా” అని పేర్లు రాసి వదిలేశాం. జ్వరంతో ఉన్న మనిషిని వార్డు గుమ్మం దాకా నడిపించింది ఆ నిర్లక్ష్యమే.

నైటింగేల్ చెప్పిన రెండు మాటలు

నర్సింగ్ చదివిన ప్రతివారికీ ఫ్లోరెన్స్ నైటింగేల్ తెలుసు. ఆమె 1859లో రాసిన ‘నోట్స్ ఆన్ నర్సింగ్’ అనే చిన్న పుస్తకంలో మన పాఠానికి సంబంధించిన విషయాలు రెండు ఉన్నాయి.

మొదటిది సంగీతం గురించి. ఎడతెగకుండా సాగే స్వరం, అంటే మనిషి గొంతు, ఊదే వాద్యాలు, తీగ వాద్యాలు రోగులకు సాధారణంగా హాయినిస్తాయనీ, పియానో వంటి తెగి తెగి వచ్చే శబ్దం అలా చేయదనీ ఆమె గమనించింది. వార్డులో డోలక్ వద్దని మా సిస్టర్లు అనడానికి కారణం కూడా ఇటువంటిదే. అది అలక్ష్యం అనుకోకండి.

రెండవది నిర్వాహకం గురించి. దానికి ఆమె ఒక అధ్యాయమే కేటాయించింది. మనం ఉన్నప్పుడు జరిగే పని మనం లేనప్పుడు కూడా జరిగేటట్టు ఏర్పాటు చేయకపోతే మంచి సేవ అంతా వృథా అయిపోతుందని అందులోని సారాంశం. అన్నిటికీ తానే ఉండాలనుకునే మనిషి బాధ్యత తీసుకున్నట్టు కాదు. తాను లేని రోజు కూడా పని ఆగకుండా చూసిన మనిషే బాధ్యత తీసుకున్నట్టు. మన హార్మోనియం సహోదరుడికి మేము ఇవ్వవలసింది ఈ ఏర్పాటే.

గాయకుల చార్టు చాలా పాతది

పాడేవారికి వంతులు వేయడం కొత్త సంగతి కాదు. మన బైబిలులో 1 దినవృత్తాంతములు 25వ అధ్యాయం తీసి చూడండి. చాలామంది అది వట్టి పేర్ల జాబితా అని దాటేస్తారు. డ్యూటీ చార్టు వేసేవారి కళ్లతో చదివితే దానిలో చాలా ఉంది. ఆసాపు కుమారులు నలుగురు, యెదూతూను కుమారులు ఆరుగురు, హేమాను కుమారులు పదునలుగురు, మొత్తం 24 మంది. ఒక్కొక్కరి పేరున 12 మందితో ఒక వరుస. అంతా కలిపి 288 మంది.

వంతు చీట్లు వేసి తేల్చారు. పిన్న, పెద్ద అనే తేడా లేదు. గురువూ శిష్యుడూ అనే తేడా లేదు. ఇందులో మూడు సంగతులు గమనించాలి. భారం ఒక్కరి మీద లేదు. వంతు ఎవరి ఇష్టాన్ని బట్టీ రాలేదు. నేర్చుకునేవారు కూడా నేర్పేవారితో పాటు వరుసలో ఉన్నారు గనుక ఒకరు లేకపోయినా పాట ఆగదు.

మన రాష్ట్రంలోనే మరొక ఉదాహరణ ఉంది. తిరుమలలో 2007లో మొదలుపెట్టిన అఖండ హరినామ సంకీర్తనలో ఊరూరి నుండి భజన బృందాలు వచ్చి వంతుల వారీగా పాడుతుంటాయి. రాత్రీ పగలూ సాగే పాట ఏ ఒక్క బృందం వల్లనో జరిగేది కాదు. ఒకరు లేచేసరికి మరొకరు కూర్చునే ఏర్పాటు వెనుక ఉండాలి. మంచి క్రమం పొరుగువారి దగ్గర కనబడినా నేర్చుకోవలసిందే.

ఒక గాయక బృందానికి జరిగిన నష్టం

“రాలేను” అనే మాట ఎందుకంత ముఖ్యమో చెప్పడానికి దూరదేశపు సంగతి ఒకటి చెప్పాలి. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో స్కాజిట్ అనే జిల్లా ఉంది. అక్కడ సామాన్య ప్రజలు కలిసి నడుపుకునే ఒక గాయక బృందం 2020 మార్చి 10వ తేదీన రిహార్సలుకు కూడింది. రెండున్నర గంటల అభ్యాసం. 61 మంది వచ్చారు. వారిలో ఒకరికి మూడు రోజులుగా జలుబు వంటి లక్షణాలు ఉన్నాయి. తరువాత రోజుల్లో ఆ 61 మందిలో 53 మందికి కోవిడ్ వచ్చినట్టు లెక్కకు వచ్చింది. కొందరికి పరీక్షలో తేలింది, మిగతావారికి లక్షణాలను బట్టి నిర్ణయించారు. ముగ్గురు ఆసుపత్రి పాలయ్యారు. ఇద్దరు చనిపోయారు.

ఆ వచ్చిన మనిషిని నిందించడానికి ఇది చెప్పడం లేదు. ఆ రోజుల్లో ఎవరికీ ఏమీ తెలియదు. కానీ ఆ సంఘటన వల్ల లోకానికి ఒక సంగతి తెలిసింది. పాడేటప్పుడు ఊపిరి లోతుగా తీసి గట్టిగా వదులుతాం. దానితో నోటి నుండి సన్నని తుంపరలు మామూలు మాటల్లో కంటే ఎక్కువగా గాలిలోకి వస్తాయి. మూసిన గదిలో అవి చాలాసేపు నిలుస్తాయి. కోవిడ్ ఒక్కటే కాదు, ఫ్లూ, క్షయ కూడా గాలి ద్వారా పాకుతాయి.

కాబట్టి దగ్గుతో ఉన్న గాయకుడు ఇంట్లో ఉండడం కూడా రోగులకు చేసే సేవే. కానీ తాను రాకపోతే పాటే ఉండదని తెలిసిన మనిషి ఇంట్లో ఉండలేడు. అందుకే చార్టు మారాలి.

మన చార్టులో మేము చేసిన మార్పులు

1. పట్టిక ఒక్కటే. ఇంతకు ముందు నోటుబుక్కులో ఒకటి, వాట్సాప్‌లో ఒకటి, గూగుల్ షీటులో ఒకటి ఉండేవి. మూడూ మూడు రకాలు. ఇప్పుడు షీటులో ఉన్నదే లెక్క. వాట్సాప్ గ్రూపు గుర్తుచేయడానికి మాత్రమే. గురువారం సాయంత్రం ఆ వారం పేర్లతో ఒక్క మెసేజి వెళుతుంది. దాని కింద శుభోదయాలు, వీడియోలు పెట్టవద్దని ప్రేమతో కోరుతున్నాం. అసలు మెసేజి వాటి కింద పూడిపోతోంది.

2. పేరుతో పాటు పని కూడా. వార్డు డ్యూటీలో ఇన్‌ఛార్జి ఎవరు, మందులు ఎవరు, డ్రెస్సింగులు ఎవరు అని రాసినట్టే, పాట ఎత్తేవారు, హార్మోనియం, వంత పాడేవారు, పుస్తకాలు తెచ్చేవారు, ఆ రోజు ఇన్‌ఛార్జి అని విడివిడిగా రాశాం. నలుగురు పేర్లిచ్చి నలుగురూ వంత పాడేవారే వస్తే ఎలా ఉంటుందో మేము ఒకసారి చూశాం.

3. ప్రతి పనికీ ఒక రిజర్వు. రిజర్వులో ఉండడం కూడా డ్యూటీయే. ఆ ఆదివారం ఊరు దాటకూడదు, ఫోను చార్జింగులో ఉండాలి. హార్మోనియానికి రిజర్వు దొరకనప్పుడు హార్మోనియం లేకుండానే పాడతారు. మన కీర్తనలకు చేతి తాళం చాలు. ఈ ఒక్క మాట చార్టు కింద రాసినందుకు హార్మోనియం సహోదరుడు పెద్ద బరువు దించినట్టయిందని అన్నారు.

4. “రాలేను” గడి. ప్రతి పేరు పక్కన ఒక గడి ఉంది. దానిలో వస్తాను, రాలేను, ఇంకా తెలియదు అనే మూడింటిలో ఒకటి ఎంచుకోవాలి. గురువారంలోగా రాలేను అని పెట్టినవారిని ఎవరూ కారణం అడగరు. ఆ తరువాత అయితే ఇన్‌ఛార్జికి ఫోను చేయాలి. జ్వరం, దగ్గు వచ్చినప్పుడు మాత్రం ఆఖరి నిమిషంలో చెప్పినా తప్పు లేదు. “అయ్యో, ఇప్పుడు చెబుతారా” అని ఎవరూ అనకూడదు. ఒక్కసారి అలా అనిపించుకున్నవారు మరుసటిసారి దగ్గు దాచుకుని వస్తారు.

5. ఎవరు ఏది మార్చవచ్చు. పాత షీటులో లింకు ఉన్న ప్రతివారూ ఏదైనా మార్చగలిగేవారు. ఇప్పుడు బృందం వారి జీమెయిల్ చిరునామాలకు మాత్రమే షేర్ చేశాం. తేదీ, వార్డు, పేరు ఉన్న గడులకు తాళం వేసినట్టు రక్షణ పెట్టాం. ముగ్గురు మాత్రమే వాటిని మార్చగలరు. రాలేను గడి అందరికీ తెరిచి ఉంటుంది. ఈ రక్షణ కంప్యూటరు మీద పెట్టుకోవాలి. పొరపాటున ఏదైనా చెరిగిపోతే కంగారు వద్దు. కంప్యూటరులో ‘వెర్షన్ హిస్టరీ’ తెరిస్తే ఎవరు ఎప్పుడు ఏమి మార్చారో కనబడుతుంది, పాతదాన్ని తిరిగి తెచ్చుకోవచ్చు.

6. వంతుల్లో న్యాయం. నెలాఖరున ఎవరి పేరు ఎన్నిసార్లు వచ్చిందో లెక్క చూస్తాం. నర్సులకు నైట్ డ్యూటీలు పంచేటప్పుడు చేసే పనే ఇది. పాత చార్టు లెక్కపెడితే అవే నాలుగు పేర్లు తిరిగి తిరిగి వచ్చాయి. అడిగితే కాదనలేనివారి పేర్లే అవి. ఇప్పుడు ఎవరికీ వరుసగా రెండు ఆదివారాలు వేయడం లేదు. పరీక్షల నెలల్లో పిల్లలకు సెలవు. ఆటోనగర్‌లో పనిచేసేవారిని, సంక్రాంతికి ఊళ్లకు వెళ్లేవారిని ముందే అడిగి వేస్తున్నాం. డిసెంబరులో క్రిస్మస్ పాటల రాత్రులకు వేరే చార్టు. తెల్లవార్లూ తిరిగి వచ్చినవారిని ఆ సాయంత్రం వార్డుకు పిలవం.

7. స్మార్ట్‌ఫోను లేనివారు బృందంలో లేనట్టు కాదు. మన బృందంలో చక్కగా పాట ఎత్తే పెద్దవారిలో కొందరి దగ్గర బటన్ల ఫోనే ఉంది. షీటు వచ్చాక వారి పేర్లు మెల్లగా తగ్గిపోయాయి. ఎవరూ తీసివేయలేదు, వారే వెనక్కు తగ్గారు. ఇప్పుడు అటువంటి ప్రతి పెద్దవారికీ ఒక యౌవనస్థుడిని జత చేశాం. గురువారం ఫోను చేసి, అడిగి, షీటులో పెట్టే పని ఆ పిల్లవాడిది. నెల మొదట ఒక ప్రతి ప్రింటు తీసి గుడి నోటీసు బోర్డుకు, ఒకటి మా ఆఫీసు గోడకు అంటిస్తున్నాం. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్ నగర్ ప్రాంతం మునిగినప్పుడు కరెంటు, ఫోన్లు లేక మన ఊరు ఎంత అవస్థ పడిందో మరచిపోలేదు కదా. కాగితానికి చార్జింగ్ అవసరం లేదు.

8. రోగుల వివరాలు రాయకూడదు. షీటులో వార్డు పేరు మాత్రమే ఉంటుంది. “ఫలానా మంచం మీద ఉన్న ఫలానా ఆమెకు ఫలానా జబ్బు, ప్రత్యేకంగా పాడండి” అని మంచి మనసుతోనే ఒకరు రాశారు. వెంటనే తీసివేశాం. జబ్బు సంగతి రోగిది. వాట్సాప్ గ్రూపులో కూడా ఇదే నియమం.

9. వార్డుకు కూడా “వద్దు” అనే హక్కు. ఆదివారం మధ్యాహ్నం వార్డు సిస్టరు తన గడిలో ఈ రోజు పాడవచ్చు, వద్దు అని పెడుతుంది. ఆపరేషను అయి అప్పుడే వచ్చినవారు, ఆఖరి ఘడియల్లో ఉన్నవారు, నిద్ర పట్టక పట్టక నిద్రపోయినవారు ఉండవచ్చు. పాట వద్దనుకునే రోగులు కూడా ఉంటారు. వారి మాటకూ అంతే విలువ.

పాడేవారు ఇంటి దగ్గరే చూసుకోవలసినవి

జ్వరం, దగ్గు, జలుబు, గొంతు నొప్పి, వాంతులు, విరేచనాలు, కళ్లకలక, ఒంటిమీద పొక్కులు – వీటిలో ఏది ఉన్నా ఆ వారం రాలేను అని పెట్టండి. ఇంట్లో ఎవరికైనా ఆటలమ్మ పోసి ఉంటే వచ్చేముందు మమ్మల్ని అడగండి. రెండు వారాలకు మించి దగ్గు ఉంటే దాన్ని గొంతు అలసట అనుకోవద్దు. కళ్లె పరీక్ష చేయించుకోండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో క్షయ పరీక్ష, మందులు ఉచితం. వార్డులోకి వెళ్లేముందు, వచ్చాక చేతులు సబ్బుతో కడగాలి. కిటికీలు తెరిచి పాడాలి. మంచం మీద కూర్చోకూడదు.

ఇప్పుడు ఎలా ఉంది?

అంతా చక్కబడిందని చెప్పలేం. ఇప్పటికీ ఇద్దరు ముగ్గురు ఇంకా తెలియదు అని పెట్టి ఆదివారం దాకా అలాగే ఉంచేస్తారు. మొదటి నెలలో రాలేనులు ఎక్కువగా కనబడి పాస్టరు గారు కూడా కలవరపడ్డారు. మాకు మాత్రం అది మంచి గుర్తుగానే అనిపించింది. అంతకు ముందు కూడా రాలేనివారు ఉండేవారు, మనకు ఆదివారం సాయంత్రం నాలుగున్నరకు తెలిసేది. ఇప్పుడు గురువారమే తెలుస్తోంది. రిజర్వుకు చెప్పడానికి మూడు రోజులు దొరుకుతున్నాయి.

హార్మోనియం సహోదరుడు ఈ మధ్య ఒక వారం రాలేను అని పెట్టారు. ఆయన దగ్గర నేర్చుకుంటున్న పదవ తరగతి అమ్మాయి వచ్చి వాయించింది. రెండు చోట్ల స్వరం తప్పింది. వార్డులో ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. తరువాతి వారం ఆయన నవ్వుతూ వచ్చి, “నేను లేకపోయినా జరిగింది కదమ్మా” అన్నారు. అందులో కొంచెం బాధ కూడా ఉందేమో. కానీ ఆరోగ్యంగా వచ్చారు.

ఇదే చార్టు మీ ఇంటికి

మంచాన ఉన్న పెద్దవారికి తోడుగా ఉండే కుటుంబాలకు కూడా ఈ పాఠం వర్తిస్తుంది. రాత్రిళ్లు ఎవరు పడుకోవాలి, కేరేజి ఎవరు తేవాలి అనే దానిలో తరచుగా ఒక్క కోడలో, ఒక్క కూతురో నలిగిపోవడం మేము వార్డులో రోజూ చూస్తాం. ఆమె కాదనదు, మిగతావారు అడగరు. కొన్నాళ్లకు ఆమే జ్వరంతో పక్క మంచం మీద చేరుతుంది. ఒక కాగితం మీద వారంలోని ఏడు రాత్రులు రాయండి. ప్రతి రాత్రికీ ఒక పేరు, ఒక రిజర్వు పేరు. ఈ రాత్రి నా వల్ల కాదు అంటే నిష్ఠూరం లేకుండా మరొకరు రావాలి. ఊళ్లో లేని అన్నదమ్ములు రాత్రి ఉండలేకపోతే ఖర్చులో వంతు తీసుకోవచ్చు.

జ్ఞాపకం ఉంచుకోవలసినవి

• పట్టిక ఒక్కటే ఉండాలి, దానిని చూసుకునే మనిషి పేరు అందరికీ తెలియాలి.
• ప్రతి పనికీ రిజర్వు ఉండాలి.
• రాలేను అన్నవారిని కారణం అడగవద్దు, వచ్చినవారి దగ్గును ఉపేక్షించవద్దు.
• ఫోను లేనివారికి మనిషి తోడు, గోడ మీద కాగితం.
• రోగి పేరు, జబ్బు ఏ షీటులోనూ రాయవద్దు.

కుటుంబంగా మాట్లాడుకోవడానికి

1. 1 దినవృత్తాంతములు 25వ అధ్యాయంలో గురువునూ శిష్యుడినీ ఒకే విధంగా చీట్లలో చేర్చడం వల్ల ఆ బృందానికి ఏ మేలు కలిగి ఉంటుంది?
2. మన ఇంట్లో, మన సంఘంలో కాదనలేక అన్ని పనులూ మోస్తున్నవారు ఎవరు? వారికి రిజర్వుగా ఎవరు నిలబడగలరు?
3. ఆఖరి నిమిషంలో రాలేను అని ఎవరైనా చెప్పినప్పుడు మన నోటి నుండి వచ్చే మొదటి మాట ఏమిటి?

పాటల బృందంలో చేరదలచినవారు ఆదివారం ఆరాధన తరువాత గాని, మా నర్సింగ్ ఆఫీసులో గాని పేరు ఇవ్వండి. గొంతు గొప్పగా ఉండనక్కరలేదు. పుస్తకాలు మోసేవారు, గురువారం ఫోన్లు చేసేవారు కూడా కావాలి. రిజర్వులో ఇంకా ఖాళీలు ఉన్నాయి.

– నర్సింగ్ సూపరింటెండెంట్